ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు

అక్కడ ఎండలు ముదిరే వేళకి ఇక్కడ మన కోవెలలో శనివారం సాయంత్రాలు కొత్త ముఖాలు కనిపిస్తాయి. విజయవాడ నుంచి ఒకరి అమ్మానాన్నలు, కరీంనగర్ నుంచి ఇంకొకరి అత్తమామలు, విశాఖ నుంచి ఎవరి బామ్మగారో. హారతి అయ్యాక ప్రసాదం తీసుకుంటూ "ఎప్పుడొచ్చారండీ, ఎలా ఉంది ఈ ఊరు?" అని అడిగితే మొదటి వారంలో ఉన్నవాళ్ళ జవాబు ఒకలా ఉంటుంది, మూడో వారంలో ఉన్నవాళ్ళది ఇంకోలా ఉంటుంది. మొదటివాళ్ళు జంట టవర్ల గురించి చెబుతారు. మూడో వారం వాళ్ళు "బాగానే ఉందమ్మా, ఇంకా పన్నెండు రోజులుంది" అంటారు.

2023 డిసెంబర్ 1 నుంచి భారతీయ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు వీసా లేకుండా వచ్చి 30 రోజులు ఉండవచ్చు. ఆ వెసులుబాటును 2026 డిసెంబర్ 31 దాకా పొడిగించారు. అందుకే ఈ మధ్య రాకపోకలు పెరిగాయి. ప్రయాణానికి ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. ఆ పని పెద్దవాళ్ళ మీద వదలకుండా ఇక్కడి నుంచి మీరే చేసిపెట్టండి. దానికి రుసుము లేదు. డబ్బు అడిగిందంటే అది ప్రభుత్వ వెబ్‌సైటు కాదని గుర్తు. పాస్‌పోర్టుకి ఆరు నెలల గడువు ఉందో లేదో, తిరుగు టికెట్టు కాగితం చేతిలో ఉందో లేదో చూడండి. కాగితాల సంగతి ఇంతే. మిగిలిన 30 రోజుల సంగతే అసలు సంగతి.

మన ఇళ్ళలో ఆ నెల ఎలా గడుస్తుందో అందరికీ తెలిసిందే. మొదటి శని ఆదివారాల్లో ట్విన్ టవర్స్, బతు కేవ్స్. తరవాత ఒకరోజు సెలవు పెట్టి గెంటింగ్, పుత్రజయ. ఆ పైన మనం ఆఫీసుకి, పిల్లలు బడికి. పద్దెనిమిదో అంతస్తు కాండోలో ఇద్దరు పెద్దవాళ్ళు, ఒక టీవీ, ఫోనులో తెలుగు సీరియళ్ళు. అక్కడ వీధి అరుగు మీద కూర్చుంటే పది మంది పలకరించే మనుషులు ఇక్కడ లిఫ్టులో ఎవరైనా నవ్వితే చాలనుకునే స్థితికి వస్తారు. తిరిగి వెళ్ళాక "మలేషియా చూశాం" అంటారు కానీ ఒక్క మలేషియా మనిషితోనైనా మాట్లాడి ఉండరు.

నా అనుభవంలో తేలిందేమిటంటే, వాళ్ళకి చూపించాల్సిన వింతలు తగ్గించి ఒక పేటని అలవాటు చేయాలి. ఒక టీ కొట్టు, ఒక సంత, నలుగురు మనుషులు, పది మాటలు. ఇవి వాళ్ళ చేతికి అందిస్తే మిగతాది వాళ్ళే చూసుకుంటారు. లోకం మనకంటే ఎక్కువ చూసినవాళ్ళు కదా.

మొదట మాటలు

మా అత్తగారు అమలాపురం దగ్గర పల్లె నుంచి మొదటిసారి వచ్చినప్పుడు "ఈ వయసులో కొత్త భాష నాకేం వస్తుందే" అన్నారు. మలయ్ భాషలో సగం మీకు ముందే వచ్చు అని చెప్పి, ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించాను. భాషని బహాసా అంటారు, భూమి బూమి, ఉత్తరం ఉతారా, వర్ణం వార్నా, రహస్యం రహసియా, భాగ్యం బహాగియా అంటే సంతోషం. స్వర్గం, నరకం రెండూ ఉన్నాయి, షుర్గా, నెరాకా. ఉపవాసం పువాసా. రంజాన్ నెలలో పొరుగింటి ఆవిడ "పువాసా" అని చెబితే మా అత్తగారికి ఎవరూ అర్థం చెప్పక్కర్లేకపోయింది, ఆవిడ కార్తీక సోమవారాల ఉపవాసాల గురించి తెలుగులోనే చెప్పడం మొదలుపెట్టారు.

కొన్ని మాటలు దారిలో అర్థం మార్చుకున్నాయి. మన ఛాయ అంటే నీడ, వాళ్ళ చహాయా అంటే వెలుగు. నగరం కాస్తా నెగారా అయి దేశమంత పెద్దదైంది. స్వామి సువామి అయి భర్తకి వాడుకలోకి వచ్చింది, స్త్రీ ఇస్త్రి అయి భార్య అయింది. "నీ ఇస్త్రి ఎక్కడ" అని ఎవరో అడిగితే మా మామగారు చొక్కా చూసుకున్నారు. అన్నిటికంటే ఆయనకి నచ్చిన మాట సెంగ్సారా. మన సంసారమే, ఇక్కడ దానికి అర్థం కష్టాలు పడటం. దోసా అంటే పాపం. అందుకో మరెందుకో గానీ ఇక్కడి హోటళ్ళలో దోసెని తోసై అని రాస్తారు, మనకీ అదే మంచిది.

ఇవి వినోదానికి. పనికొచ్చే మాటలు వేరే ఉన్నాయి, అవి ఎక్కువ అక్కర్లేదు. బ్రాపా అంటే ఎంత. తక్ మావు అంటే వద్దు. తోలోంగ్ అంటే కాస్త సాయం చేయండి. తెరిమా కాసి అంటే కృతజ్ఞతలు, దానికి బదులు సామా సామా. వీటికి తోడు వరసలు తెలియాలి. మనలాగే వీళ్ళూ ముక్కూ మొహం తెలియనివాళ్ళని కూడా వరస పెట్టి పిలుస్తారు. పెద్దావిడని మక్‌చిక్, పెద్దాయనని పక్‌చిక్, కాస్త పెద్దదైతే కక్, మగవాడైతే అబాంగ్, చిన్నవాళ్ళని అడిక్. పిన్నిగారూ, బాబాయిగారూ, అక్కా, అన్నా, తమ్ముడూ అన్నట్టే. రోటీ కొట్టు మామక్ దగ్గరైతే ఆ పేరు పుట్టిందే తమిళ మామ నుంచి. "ఎక్స్‌క్యూజ్ మీ" అని పిలిచిన మనిషికి, "మక్‌చిక్" అని పిలిచిన మనిషికి సంతలో దొరికే పలకరింపు ఒకటి కాదు, మీరే చూడండి.

పలకరింపుల్లో ఇంకోటి చెప్పాలి. దా మాకన్? అంటే తిన్నారా? అని. భోజనాల వేళ ఎవరైనా అలా అడిగితే అది నిజంగా తిండికి పిలవడం కాదు, మన ఊళ్ళో "భోజనాలయ్యాయా" లాంటిదే. దా అంటే అయింది, బెలుమ్ అంటే ఇంకా లేదు. పెద్దవాళ్ళకి ఇది నేర్పాల్సిన పనే లేదు, ప్రశ్న వినగానే పోలిక పట్టేస్తారు.

టీ కొట్టు, సంత

రెండో రోజు పొద్దునే వాళ్ళని కింద ఉన్న కొట్టుకి నడిపించుకుని వెళ్ళండి. అయితే ఇక్కడ ఏడు దాటితేగానీ తెల్లవారదు. ఐదింటికి లేచే అలవాటున్నవాళ్ళు రెండు గంటలు చీకట్లో కిటికీ దగ్గర కూర్చుంటారు. మన గడియారం భారతదేశం కంటే రెండున్నర గంటలు ముందుంది. 1982 జనవరి 1న సబా, సరవాక్‌లతో సమయం కలపడానికి ఈ ద్వీపకల్పంలో గడియారాలు అరగంట ముందుకి జరిపారు, అందువల్లే పొద్దు ఇంత ఆలస్యంగా వస్తుంది. సంధ్యావందనం చేసుకునే పెద్దలకి ఈ ముక్క మొదటి రోజే చెప్పండి, లేకపోతే టైము లెక్క తప్పిందేమో అని కంగారు పడతారు.

కొట్టులో ఉట్టి "తే" అంటే గట్టిపాలు, పంచదార రెండూ పడి పాయసంలా వస్తుంది. షుగరున్న పెద్దవాళ్ళకి ఇది చాలా ముఖ్యమైన విషయం. "తే ఓ" అంటే పాలు లేనిది, కానీ తీపి ఉంటుంది. "తే సీ" అంటే గట్టిపాల బదులు తియ్యదనం లేని చిక్కటి డబ్బా పాలు, అయినా పంచదార వేస్తారు. "కొసోంగ్" అని చేరిస్తేనే పంచదార ఉండదు. కాబట్టి మన ఇంటి టీకి దగ్గరగా, తీపి లేకుండా కావాలంటే "తే సీ కొసోంగ్" అనాలి. కాస్త తీపి చాలనుకుంటే "కురాంగ్ మానిస్". మా మామగారు ఈ మూడు మాటలు బాగా ఒంటబట్టించుకున్నారు. వారం తిరిగేసరికి కొట్టువాడు ఆయన్ని చూడగానే అడక్కుండానే గ్లాసు పెట్టేవాడు. ఆ గ్లాసు ఆయనకి జంట టవర్ల కంటే ఎక్కువ ఆనందం ఇచ్చింది. రోజూ ఒకే కొట్టుకి, ఒకే వేళకి వెళ్ళడంలో ఉన్న సుఖం అదే.

ఇక పాసార్ మాలమ్. మన వారపు సంతే ఇది, కాకపోతే సాయంత్రం పెడతారు. ఒక్కో పేటకి ఒక్కో రోజు. మీ పేట రోజు ఏదో కనుక్కుని, పొద్దు దిగే వేళ తీసుకెళ్ళండి. పెద్దవాళ్ళని కొనడానికి కాదు, కూరలు గుర్తుపట్టడానికి తీసుకెళ్ళండి. కాంగ్‌కుంగ్ అని కట్టలు కట్టి పెట్టేది మన తూటికూర. బాయమ్ తోటకూర. బెండి బెండకాయే, తెలుగు పేరుకి ఒక్క అడుగు దూరం. పెరియా కాకరకాయ, తెరుంగ్ వంకాయ. పెగాగా అనే ఆకుని మలయ్‌వాళ్ళు పచ్చిగా కారప్పచ్చడితో తింటారు, అది మన సరస్వతి ఆకు. మా అత్తగారు ఆ ఆకు చేత్తో పట్టుకుని అమ్మే ఆవిడకి "ఇది తింటే పిల్లలకి చదువొస్తుంది" అని తెలుగులో చెప్పారు. ఆవిడ కూడా ఏదో మలయ్‌లో చెప్పి తల మీద వేలితో చూపించింది. ఇద్దరూ ఒకే మాట చెప్పుకున్నారని నా నమ్మకం.

సంతలో కుయ్ కొట్ల దగ్గర ఆగండి. కుయ్ అంటే పిండివంట. బియ్యప్పిండి, కొబ్బరి, తాటిబెల్లం లాంటి గులా మెలాకా, వీటితోనే సగం వంటలు నడుస్తాయి కాబట్టి గోదావరి వాళ్ళకి కొత్తేమీ ఉండదు. ఒండే ఒండే అంటే లోపల బెల్లం పాకం, పైన కొబ్బరి తురుము ఉన్న ఆకుపచ్చ ఉండ్రాయి. ఒక్కసారిగా నోట్లో వేసుకోవాలి, కొరికితే పాకం చీర మీద పడుతుంది. పుటు మాయమ్ ఇడియాప్పమే, కొబ్బరీ బెల్లంతో తింటారు. కొన్నిటిలో గుడ్డు పడుతుంది. "అడా తెలూర్?" అంటే గుడ్డు ఉందా అని. మొహమాటం లేకుండా అడగొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు.

శాకాహారం మాట వచ్చింది కాబట్టి కొంచెం గట్టిగానే చెబుతాను. "నో మీట్" అంటే సరిపోదు. ఇక్కడ చాలామంది లెక్కలో రొయ్య, చేప మాంసం కిందకి రావు. కూరలన్నీ కూరగాయలే అయినా వాటిలో బెలాచాన్ అనే ఎండు రొయ్యల ముద్ద పడి ఉండవచ్చు. కాంగ్‌కుంగ్ వేపుడులో దాదాపు ఎప్పుడూ ఉంటుంది. నాసి లెమాక్ చూడడానికి కొబ్బరి అన్నమే, కానీ పక్కన ఇకాన్ బిలిస్ అనే చిన్న ఎండు చేపలు, వాటితో చేసిన సంబాల్ వస్తాయి. ఆసమ్ లక్సా పులుసు చేపతోనే కాస్తారు. కాబట్టి తెలియని చోట తినాలనుకుంటే చైనీయుల శాకాహార హోటలు నమ్మకమైనది. బౌద్ధ ఆచారం పాటించే చోట్ల ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు. చాంద్రమాసం మొదటి రోజు, పదిహేనో రోజు చైనీయుల్లో చాలామంది మాంసం ముట్టరు, ఆ రోజుల్లో ఈ హోటళ్ళు కిటకిటలాడతాయి. మన ఏకాదశి, పౌర్ణమి వాళ్ళకి ఈ సంగతి చెబితే ఎంతో ముచ్చటపడతారు. ఒక్క హెచ్చరిక. అక్కడ సోయాతో, పిండితో చేపల్లా, కోడిలా కనిపించే వంటకాలు పెడతారు. అది నిజం కాదని ముందే చెప్పకపోతే మడిగల బామ్మగారు గుమ్మం దగ్గర నుంచే వెనక్కి తిరుగుతారు.

ఒకరింటికి వెళ్ళినప్పుడు

ఈ దేశంలో నాకు అన్నిటికంటే నచ్చిన ఆచారం ఓపెన్ హౌస్. హరి రాయకి మలయ్‌వాళ్ళు, చైనీయుల కొత్త సంవత్సరానికి చైనీయులు, దీపావళికి మనవాళ్ళు తలుపులు తెరిచి పెట్టి వచ్చినవాళ్ళందరికీ తిండి పెడతారు. పెద్దవాళ్ళ నెల వీటిలో దేనితోనైనా కలిస్తే వాళ్ళని ఇంట్లో వదిలి వెళ్ళకండి. ఆఫీసు స్నేహితుల ఇళ్ళకి కూడా తీసుకెళ్ళండి, ముసలివాళ్ళు వస్తే ఇక్కడ ఎవరూ ఇబ్బంది పడరు, కుర్చీ వేసి ముందు వాళ్ళకే పెడతారు. పిల్లలకి కవర్లలో డబ్బు ఇస్తారు. చైనీయులవి ఎర్రవి, మలయ్‌వాళ్ళవి ఎక్కువగా ఆకుపచ్చవి. మన తాతగార్లు జేబులోంచి నోటు తీసి నేరుగా చేతిలో పెట్టబోతారు, ముందే నాలుగు కవర్లు కొనిపెట్టండి.

మర్యాదల్లో మనకి కొత్తవి తక్కువ. చెప్పులు బయట విడవడం, కుడిచేత్తో ఇవ్వడం, పెద్దవాళ్ళ ముందు నుంచి వెళ్ళేటప్పుడు కాస్త వంగడం అన్నీ ఉన్నాయి. చూపుడు వేలితో కాకుండా పిడికిలి మూసి బొటనవేలితో చూపించాలి, ఇది ఒక్కటి నేర్చుకోవాలి. మలయ్ స్త్రీలకి మగవాళ్ళు తామై చేయి చాపకూడదు, గుండె మీద చేయి పెట్టి తల వంచితే చాలు, మన నమస్కారమూ బాగుంటుంది. వాళ్ళింటికి తినేవి తీసుకెళితే హలాల్ గుర్తున్న డబ్బా కొనండి, లేదా పళ్ళు. పళ్ళకి ఏ పేచీ లేదు.

మసీదుకి వెళ్ళొచ్చా అని పెద్దవాళ్ళు గొంతు తగ్గించి అడుగుతారు. వెళ్ళొచ్చు. పుత్రజయలో గులాబీ గుమ్మటం ఉన్న పుత్రా మసీదులో నమాజు లేని వేళల్లో అందరినీ రానిస్తారు, ఒంటినిండా కప్పుకునే అంగీ వాళ్ళే ఇస్తారు. శుక్రవారం మధ్యాహ్నం మాత్రం పెట్టుకోవద్దు.

బతు కేవ్స్ గురించి అందరికీ తెలుసు కాబట్టి రెండు మాటలే. 272 మెట్లు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళని "ఇంత దూరం వచ్చి ఎక్కకపోతే ఎలా" అని బలవంతపెట్టకండి. 2006లో ప్రతిష్ఠించిన 42.7 మీటర్ల సుబ్రహ్మణ్య స్వామి విగ్రహం కింద నుంచే నిండుగా కనిపిస్తుంది, వేంకటాచలపతి సన్నిధి కూడా కిందే ఉంది. కేఎల్ సెంట్రల్ నుంచి కొమ్యూటర్ రైలు నేరుగా అక్కడే ఆగుతుంది. పొద్దునే వెళ్ళండి, చేతిలో అరటిపళ్ళు కోతులకి కనబడనివ్వకండి.

మన పక్కనే కూర్చున్నవాళ్ళు

ఇప్పుడు చెప్పబోయేది మనలాంటి ఉద్యోగాలకి వచ్చిన కుటుంబాల కోసం. మన కోవెలలో భజన జరిగేటప్పుడు ముందు వరసలో తాళాలు పట్టుకుని కూర్చునే పెద్దలు చాలామంది ఇక్కడే పుట్టినవాళ్ళు. మూడో తరం, నాలుగో తరం. వీళ్ళతో మన అమ్మానాన్నలు మాట్లాడే మొదటి మాట చాలాసార్లు "మీరు తమిళులా అండీ?" అనేది. వాళ్ళు నవ్వి "లేదమ్మా, తెలుగువాళ్ళమే" అంటారు. ఆ నవ్వు వెనక ఎన్నిసార్లు ఆ జవాబు చెప్పి ఉంటారో ఆలోచించాలి. ఆ వెంటనే మనవాళ్ళు "మీ తెలుగు తమాషాగా ఉందే" అంటారు. దయచేసి ఈ మాట అనవద్దని మీ వాళ్ళకి ముందే చెప్పండి. బడిలో తమిళమో మలయో, వీధిలో మూడు భాషలు, ఉద్యోగంలో ఇంగ్లీషు. వీటి మధ్య నూరేళ్ళకి పైగా ఇంట్లో నిలబెట్టుకున్న తెలుగు అది.

వాళ్ళ ముత్తాతలు రబ్బరు, కొబ్బరి తోటల పనికి విశాఖ, శ్రీకాకుళం ప్రాంతాల నుంచి, గోదావరి జిల్లాల నుంచి, చిత్తూరు వైపు నుంచి వచ్చారు. కంగాణీ అనే మేస్త్రీ ఊళ్ళోకి వచ్చి మనుషుల్ని పోగుచేసి ఓడ ఎక్కించేవాడు. మద్రాసు నుంచి నాగపట్నం మీదుగా పెనాంగుకి నడిచిన ఓడల్లో రజూలా పేరు పాతవాళ్ళు ఇప్పటికీ తలుచుకుంటారు. అది 1926 నుంచి దాదాపు యాభై ఏళ్ళు ఈ దారిలో తిరిగింది. 1938లో అప్పటి భారత ప్రభుత్వం కూలీలను ఇలా పంపడం ఆపేసింది. ఉండిపోయినవాళ్ళు ఇక్కడే పాతుకున్నారు. 1955లో మలయా ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు, అదే ఇప్పటి మలేషియా తెలుగు సంఘం. 1975లో హైదరాబాదులో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిగితే, రెండోవి 1981లో జరిగింది మన కౌలాలంపూర్‌లోనే. ఈ ముక్క వినగానే హైదరాబాదు నుంచి వచ్చిన మాస్టారొకరు "మాకెవరూ చెప్పలేదే" అన్నారు.

ఇందుకే ఒక శని ఆదివారం గెంటింగ్ మానేసి బగాన్ దాతుక్ వైపు వెళ్ళమంటాను. కౌలాలంపూర్ నుంచి సముద్రం ఒడ్డు రోడ్డు మీదుగా సుమారు రెండున్నర గంటలు, దారిలో ఆగితే ఇంకాస్త. కౌలా సెలంగోర్ దాటాక సెకించాన్ వస్తుంది. అక్కడ రోడ్డుకి రెండు వైపులా వరిచేలు, మధ్యలో కాలువలు. చైనీయ రైతులు ఏటా రెండు పంటలు తీస్తారు. మా అత్తగారు కారు ఆపించి గట్టు మీద దిగి, కంకి ఒకటి చేత్తో నలిపి చూసి, "పాలు పోసుకుంది, ఇంకో ఇరవై రోజులు" అని చెప్పారు. ఆవిడ మలేషియాలో ఉన్న నెలలో అంత అధికారంతో మాట్లాడటం నేను చూడటం అదే మొదటిసారి.

బెర్నామ్ నది దాటితే పెరాక్ రాష్ట్రం. ఆ పైన కొబ్బరి తోటలే. కోనసీమ వాళ్ళు కిటికీ దించుకుని మాట్లాడకుండా చూస్తారు. ఈ చుట్టుపక్కలే తెలుగువాళ్ళు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డారు. తోటల్లో రామభజనలు చేసుకుంటూ బతికిన కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి, పిల్లలు మాత్రం పట్నాలకి వచ్చేశారు. మన కోవెల సభ్యుల్లో ఆ ప్రాంతం వాళ్ళు ఉన్నారు. ముందుగా ఒక మాట చెబితే అక్కడ తమ బంధువుల ఇంటికి దారి చెబుతారు. ఊరికే తోటలు చూసి వచ్చేయకుండా, ఎవరింట్లోనైనా అరగంట కూర్చోవాలి. నేను వెళ్ళినప్పుడు మాతో టెక్కలి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఉన్నారు. అక్కడి బామ్మగారితో మాట్లాడుతూ "మా నాయనమ్మ ఇలాగే అనేది, ఈ మాట మా ఊళ్ళో ఇప్పుడెవరూ అనడం లేదు" అన్నారు. ఇద్దరూ ఇంటిపేర్లు అడిగి, ఊళ్ళ పేర్లు అడిగి, చుట్టరికం కలుస్తుందేమో అని గంటసేపు వెతుక్కున్నారు. కలవలేదు. అయినా వెళ్ళేటప్పుడు బొట్టు పెట్టి జాకెట్టు గుడ్డ పెట్టారు. తిరుగుదారిలో తెలుక్ ఇంతాన్ ఊళ్ళో ఒరిగిన గడియారం స్తంభం ఉంది, 1885లో కట్టింది. పిల్లలకి అది చూపిస్తే గొడవ చేయరు.

ఇంకొక రోజు చేతిలో ఉంటే మెలాకా. అక్కడ ఒకే వీధి వరుసలో 1781లో కట్టిన పొయ్యాత వినాయగర్ మూర్తి ఆలయం, 1748 నాటి కంపోంగ్ క్లింగ్ మసీదు, చెంగ్ హూన్ తెంగ్ చైనీయ ఆలయం ఉన్నాయి. నడవలేనివాళ్ళకి కూడా దూరం కాదు. మసీదు మినారు బౌద్ధ పగోడాలా ఉంటుంది, నిలబడి చూడదగ్గది. గాజా బెరాంగ్ అనే పేటలో చెట్టి మెలాకా వాళ్ళు ఉంటారు. సుల్తానుల కాలంలో వచ్చిన వర్తకులు ఇక్కడి స్త్రీలను పెళ్ళాడగా పుట్టిన వంశాలు. ఇంట్లో మాట మలయ్, కట్టు సారోంగ్, పూజ మాత్రం మారియమ్మకి, వినాయకుడికి. భాష పోయినా దేవుడు పోలేదన్నమాట. మన పిల్లలకి తెలుగు రాదని దిగులుపడే బామ్మగార్లకి ఇది ఓదార్పో, బెదిరింపో నేను చెప్పలేను.

ఆ మసీదు పేరులోని క్లింగ్ గురించి ఒక మాట. అది కళింగ నుంచి వచ్చిందంటారు. మన ఉత్తరాంధ్ర కూడా ఒకప్పటి కళింగమే కాబట్టి మనవాళ్ళు మురిసిపోయి ఆ మాట వాడేయబోతారు. వాడకూడదు. ఈ రోజుల్లో భారతీయుల్ని అలా పిలవడం తిట్టు కింద లెక్క. పాత కట్టడాల పేర్లలో మాత్రమే దానికి చోటు.

చరిత్ర మీద ఆసక్తి ఉన్న తాతగార్లని కెడాలో బుజాంగ్ లోయకి తీసుకెళ్ళండి. మెర్బోక్ దగ్గర మ్యూజియం, దాని పక్కనే బుకిత్ బతు పహాత్ అనే రాతి గుడి పునాదులు ఉన్నాయి. ఈ కెడానే చోళుల శాసనాల్లో కడారం. 1025 ప్రాంతంలో రాజేంద్ర చోళుడు దాని మీదకి ఓడలు పంపాడు. నన్నయ గారిచేత భారతం రాయించిన రాజరాజ నరేంద్రుడికి ఈ రాజేంద్రుడు మేనమామ, పిల్లనిచ్చిన మామ కూడా. రాజమండ్రి నుంచి వచ్చినవాళ్ళకి ఆ రాళ్ళ ముందు నిలబెట్టి ఈ చుట్టరికం చెప్పండి, ఎండని మరిచిపోతారు.

చివరగా చిన్న చిన్న సంగతులు. మీ ఇంటి చిరునామా, మీ ఫోను నంబరు, "సాయా తింగల్ దీ సినీ" అంటే నేను ఇక్కడ ఉంటాను అనే మాట ఒక కార్డు మీద రాసి వాళ్ళ జేబులో ఉంచండి. అత్యవసరానికి నంబరు 999. మధ్యాహ్నం వాన నమ్మకంగా వస్తుంది, గొడుగు ఎండకీ వానకీ పనికొస్తుంది. మందులు డాక్టరు చీటీతో సహా తెచ్చుకోమని ముందే చెప్పండి, నెలరోజులకి ప్రయాణ బీమా తీసుకోండి. వారంలో ఒక రోజైనా మన కోవెల వంటశాలలో కూరలు తరగడానికి వాళ్ళని దింపి వెళ్ళండి. అక్కడ పని ఎప్పుడూ ఉంటుంది, మాట్లాడే మనుషులూ ఉంటారు.

వెళ్ళేటప్పుడు పెట్టెలో గులా మెలాకా అచ్చులు నాలుగు పెట్టండి, అక్కడ కుడుముల్లోకి వాడుకుంటారు. దురియాన్ కాలంలో వస్తే ఒక్క తొన అయినా రుచి చూపించండి, పనస తినే ఇళ్ళవాళ్ళు సగం మంది ఇష్టపడతారు, మిగతా సగం గది ఖాళీ చేస్తారు. అది వేడి చేస్తుందని, వెంటనే మాంగుస్తాన్ తింటే చలువ చేస్తుందని ఇక్కడివాళ్ళు చెబితే మన పెద్దలకి ఎవరూ వివరించక్కర్లేదు. పచ్చి పండు మాత్రం విమానంలోకి రానివ్వరు, హోటళ్ళలోకీ రానివ్వరు. దాంతో చేసిన దోదోల్ అనే హల్వా అయితే తీసుకెళ్ళొచ్చు, గట్టిగా కట్టించుకోండి, వాసన బట్టలకి పడుతుంది.